రిబ్బన్ మిగిలింది, చీటీ పోయింది

పోయిన అక్టోబరులో పిన్నితో చీరల షాపుకెళ్లాను. గుమ్మంలోనే గులాబీ బెలూన్ల తోరణం. బిల్లు కట్టే చోట ఓ అమ్మాయి నవ్వుతూ పిన్ని పైటకు గులాబీ రిబ్బన్ గుచ్చింది. "ఏంటమ్మా ఇది?" అంది పిన్ని. "బ్రెస్ట్ క్యాన్సర్ అవగాహన, ఆంటీ." పిన్ని పైట సర్దుకుని, "నాకా అవగాహన బాగానే ఉందిలే" అంది. ఆ పైట కింద ఒక రొమ్ము లేదని ఆ అమ్మాయికి తెలియదు. ఆపరేషను, కీమో, కరెంటు పెట్టించుకోవడం అన్నీ దాటి అప్పటికి రెండేళ్లు.

ఆ పిల్లను అనేదేం లేదు. గుచ్చమన్నారు, గుచ్చింది. నా పేచీ రిబ్బన్‌తోనే.

ఈ రిబ్బన్ పుట్టినప్పుడు గులాబీ రంగులో లేదు, ఒంటరిగానూ లేదు. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే పెద్దావిడ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని పీచ్ కలర్ రిబ్బన్లు చేసేది. వాళ్ల అమ్మమ్మల కాలం నుంచి కూతురిదాకా ఈ జబ్బు ఆ ఇంటిని వదల్లేదు. ఐదేసి రిబ్బన్లకు ఒక చీటీ జతచేసి పంచేది. అందులో ఉన్నది లెక్క: అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఏడాది బడ్జెట్ 180 కోట్ల డాలర్లు, అందులో నివారణకు వెళ్లేది 5 శాతమే, ఇది పెట్టుకుని మన చట్టసభలవాళ్లను నిద్ర లేపండి అని.

1992లో 'సెల్ఫ్' అనే ఆడవాళ్ల పత్రిక, ఎస్టీ లాడర్ అనే సౌందర్య సాధనాల కంపెనీ ఆ రిబ్బన్ మీద మనసు పడ్డాయి. కలిసి చేద్దామని పత్రికవాళ్లు కబురు పెడితే హేలీ ఒప్పుకోలేదు. మీది మరీ వ్యాపారం అంది. పత్రికవాళ్లు లాయర్లను అడిగితే రంగు మార్చుకోమన్నారు. అలా గులాబీ వచ్చింది. రిబ్బన్ తీసుకున్నారు, చీటీ వదిలేశారు.

నా దృష్టిలో మొత్తం కథ ఆ చీటీలోనే ఉంది. చీటీ ప్రభుత్వాన్ని నిలదీసేది. రిబ్బన్ ఎవరినీ ఏమీ అడగదు, ఏ వస్తువు మీదైనా ఇట్టే అతుక్కుంటుంది. అర్జీ కాస్తా అలంకారమైంది.

అలంకారం ఎంతదాకా పోయిందో చూడండి. యోప్లే అనే పెరుగు కంపెనీ అమెరికాలో గులాబీ మూతల పథకం పెట్టింది. పెరుగు తిని, మూత కడిగి, కవరులో పెట్టి, స్టాంపు అంటించి పంపితే మూతకు 10 సెంట్లు విరాళం. నాలుగు మూతలు పంపితే వచ్చే విరాళం దాదాపు స్టాంపు ఖర్చంత! శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే సంస్థ దీన్ని పట్టుకుంది. ఆ పెరుగుకు వాడే పాలు కృత్రిమ హార్మోను ఇంజెక్షన్లు వేసిన ఆవులవి. ఆ హార్మోను మీద క్యాన్సర్ అనుమానాలున్నాయి. మరి మూత మీద ఈ రిబ్బనేమిటి అని అడిగింది. 2009లో కంపెనీ ఆ పాలు మానేస్తామని ప్రకటించింది. రిబ్బన్లు పెట్టుకుంటే జరిగింది కాదు ఇది, అడిగితే జరిగింది. అయినా ఆ మరుసటేడే కేఎఫ్‌సీ వేయించిన కోడిని గులాబీ బకెట్లలో అమ్మింది, బకెట్టుకు 50 సెంట్ల విరాళమంటూ.

గులాబీ మేలు చేయలేదని అనను. ఆడవాళ్లు గుసగుసగా కూడా పలకని జబ్బు పేరు బజారులో వినబడేలా చేసింది. అక్టోబరులో చార్మినార్ గులాబీ వెలుగులో మెరిస్తే ఇంటికో ప్రశ్న పుడుతుంది, మంచిదే. కానీ ఆ నోరు కూడా పూర్తిగా పెగల్లేదు. 2024లో ఢిల్లీ మెట్రోలో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రకటన పెట్టింది, నెలకోసారి మీ 'నారింజలు' చూసుకోండని. గొడవయ్యాక తీసేశారు. అవగాహన కల్పిస్తామన్నవాళ్లకే అవయవం పేరు పలకడం సిగ్గయింది.

పిన్ని సంగతి చెబుతాను. సంక్రాంతికి గడ్డ చేతికి తగిలింది. అదేమై ఉంటుందో టీవీ పుణ్యమా అని తెలుసు. ఉగాది దాటాక కూతురి పెళ్లి ఉంది, అది కానిద్దామని నోరు కట్టేసుకుంది. పెళ్లయ్యాక బయటపడితే, స్కానింగు ఒకచోట, ముక్క పరీక్ష ఇంకోచోట, రిపోర్టుకు మళ్లీ రమ్మని ఒకసారి, ఆరోగ్య కార్డు మీద అప్రూవల్ రాలేదని మరోసారి. జబ్బు పేరు కాగితం మీద పడేసరికి ఇంకో మూడు నెలలు. రోగి వచ్చిన 60 రోజుల్లోపు నిర్ధారణ పూర్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. పిన్నికి ఇంట్లో పట్టిన ఆలస్యానికి అవగాహన మందు కావచ్చు. ఆసుపత్రుల్లో పట్టిన ఆలస్యానికి ఎన్ని రిబ్బన్లు గుచ్చితే సరిపోతుంది?

ప్రపంచ క్యాన్సర్ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు 1.92 లక్షలు, మరణాలు 98 వేలు. కేసులు మనకంటే ఎక్కువున్న అమెరికాలో మరణాలు మన మరణాల్లో సగం లోపే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. అంటే వెయ్యిమందిలో తొమ్మిది మంది.

ఈ పరీక్షకు పెద్ద యంత్రాలే ఉండాలనీ లేదు. టాటా మెమోరియల్ డాక్టర్లు ముంబయి మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు ఒక అధ్యయనం చేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. సగం మందిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు, అంతే. వాళ్లలో జబ్బు ముందు దశలోనే దొరికింది. 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు, అది కూడా చెప్పుకోవాలి. కానీ ఆ పని చేసింది జీతం తీసుకుని గడప గడపా తొక్కిన మనిషి. అలాంటి మనిషిని పెట్టడం ప్రభుత్వం పని, షాపుది కాదు.

షాపు దాటే ముందు పిన్ని మళ్లీ కౌంటర్ దగ్గరికెళ్లింది. "నా చీర డబ్బులో దీనికెంత పోతుందమ్మా?" ఆ అమ్మాయి మేనేజర్ వంక చూసింది. "ఇది అవగాహన కోసమే మేడమ్, డబ్బులేం ఉండవు" అన్నాడాయన.

"పోనీలెండి. రిబ్బన్‌తో పాటు ఒక చీటీ పెట్టండి. గడ్డ తగిలితే ఈ ఊళ్లో ఏ ఆసుపత్రికి, ఏ రోజు, ఏ గదికి పోవాలో రాసి. ఆ గదిలో డాక్టరు లేకపోతే ఎవర్ని అడగాలో కూడా రాయండి."

షార్లెట్ హేలీ పేరు మా పిన్ని ఎప్పుడూ వినలేదు.