పవర్ ఎంత? అసలు ఏ పవర్?

మొన్నామధ్య మా వీధి చివర మందుల షాపులో నా ముందు నిలబడ్డ పెద్దాయన అన్న మాట ఇది: "బాబూ, 500 పవర్ బిళ్ళకి జ్వరం తగ్గలేదు. 650 ఇవ్వు. ఇంకా పవర్‌ది ఉంటే అదే ఇవ్వు." కుర్రాడు మాట్లాడకుండా షీటు తీసిచ్చాడు. పక్కనున్న ఆవిడ తన థైరాయిడ్ మాత్రల డబ్బా చూపిస్తూ, "నాది 50 పవరే లెండి, చిన్నదే" అంది.

ఆ రెండు అంకెల్నీ ఒకే తక్కెడలో పెట్టడానికి వీల్లేదు. జ్వరం బిళ్ళ మీద ఉన్నది 650 మిల్లీగ్రాములు, థైరాయిడ్ మాత్ర మీద ఉన్నది 50 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. అంటే బరువులో మొదటిది రెండోదానికి 13 వేల రెట్లు. అయినా థైరాయిడ్ మాత్ర చిన్నదేం కాదు. డాక్టర్ని అడక్కుండా 50ని 100 చేసుకుంటే గుండెదడ పట్టుకోవచ్చు. మాత్ర మీది అంకె అందులో మందు ఎంత బరువుందో చెబుతుంది, అంతే. అది ఒంట్లో ఎంత గట్టిగా పనిచేస్తుందన్నది ఏ మందు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పెద్దాయన అడిగిన 650 కూడా కొత్త మందు కాదు. అదే పారాసిటమాల్, 150 మిల్లీగ్రాములు ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. 650 బిళ్ళలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములు. ఏడోదానితో గీత దాటినట్టే, ఆ దెబ్బ కాలేయం మీద పడుతుంది. జలుబుకి అమ్మే చాలా మాత్రల్లోనూ పారాసిటమాల్ కలిసి ఉంటుంది. "పవర్" అనుకుంటూ వేసుకునేవాళ్ళకి ఈ లెక్క తట్టదు. ఇదే మాట మరోచోట తిరగబడుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే "అమ్మో, పవర్ ఎక్కువ, వేడి చేస్తుంది" అని రెండు రోజులకే ఆపేసేవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

కళ్ళద్దాల దగ్గర కథ ఇంకా విచిత్రం. "మా అమ్మాయికి పవర్ వచ్చింది" అంటారు, ఏదో రోగం వచ్చినట్టు. నిజానికి ఆ మైనస్ 2 అమ్మాయిది కాదు, అద్దానిది. కటకం నాభ్యంతరాన్ని మీటర్లలో తీసుకుని, ఒకటిని దానితో భాగిస్తే వచ్చేదే డయాప్టర్ల లెక్క. మైనస్ 2 అంటే నాభ్యంతరం అర మీటరున్న పుటాకార కటకం. మామూలు కంటికే దాదాపు 60 డయాప్టర్ల సామర్థ్యం ఉంటుంది. "నాకు పవర్ లేదు" అనే ప్రతివాడి కంట్లోనూ ఈ అరవై ఉన్నట్టే. హ్రస్వదృష్టి ఉన్న కంట్లో సాధారణంగా కనుగుడ్డు కాస్త పొడవుగా ఉండి, ఆ అరవయ్యే దానికి ఎక్కువైపోతుంది. ఆ ఎక్కువని తీసేయడానికే మైనస్ అద్దం.

ఇది తెలియకపోవడం వల్ల నష్టపోయేది పిల్లలు. అద్దాలు పెడితే పవర్ పెరిగిపోతుందని చాలా ఇళ్ళలో వాయిదా వేస్తారు, లేదా "కొంచెం తక్కువ పవర్ రాయండి" అని బతిమాలుతారు. పిల్లలు ఎదిగే వయసులో కనుగుడ్డు పొడుగు సాగుతుంది కాబట్టి అంకె పెరుగుతుంది. పెట్టుకున్న సరైన అద్దం దాన్ని సాగదీయదు. మలేషియాలో పిల్లల మీద జరిపి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కావాలని తక్కువ ఇచ్చిన పిల్లల్లో హ్రస్వదృష్టి నెమ్మదించకపోగా ఇంకొంచెం వేగంగా పెరిగింది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, నిజమే. కానీ నల్లబల్ల కనబడక పిల్ల క్లాసులో వెనకబడిందంటే, అది తేలడానికి ఏ అధ్యయనమూ అక్కర్లేదు.

ఇక ఈ మాట అచ్చంగా భౌతికశాస్త్రానిదయ్యే చోట, అంటే కరెంటు దగ్గర, నేనే తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సౌర విద్యుత్ కేంద్రం "రోజుకు 5 మెగావాట్లు ఉత్పత్తి చేస్తుంది" అని రాశాను. ఎమ్మెస్సీలో చదివింది ఇదే సబ్జెక్టు! మర్నాడు రిటైరైన ఇంజనీరు ఒకాయన ఫోన్ చేసి, "రోజుకు 60 కిలోమీటర్ల వేగం అంటావా నాయనా?" అన్నారు. మెగావాటు ఉత్పత్తి రేటు. రోజంతా వచ్చిన మొత్తం కావాలంటే యూనిట్లలో చెప్పాలి. ఒక మెగావాటు సౌర కేంద్రం మన ఎండలో రోజుకు సుమారు 4 వేల యూనిట్లు ఇస్తుంది. అదే మెగావాటు బొగ్గు కేంద్రం పూర్తి స్థాయిలో ఆగకుండా నడిస్తే 24 వేలు. రెంటినీ మెగావాట్లలోనే పోల్చి "బొగ్గుని దాటేసిన సౌరం" అని శీర్షిక పెడితే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్టే. అలాంటివి ఇప్పటికీ వస్తున్నాయి.

దీనికి జనాన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. శాస్త్రవేత్తలకే ఈ మాటలు విడదీసుకోవడానికి చాలా కాలం పట్టింది. హెల్మ్‌హోల్ట్జ్ 1847లో శక్తి నిత్యత్వం గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం పేరులో "క్రాఫ్ట్" అని ఉంటుంది. నేటి జర్మన్ భౌతికశాస్త్రంలో దానికి అర్థం బలం! పవర్ అన్న ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ మాటకు "చేయగలగడం" అని అర్థం. మన తెలుగు మీడియం పుస్తకాల్లోని "సామర్థ్యం" దానికి అద్దినట్టు సరిపోతుంది. పేచీ ఏమిటంటే, పరీక్ష రాశాక ఆ మాటని అక్కడే వదిలేస్తాం. పత్రికల్లో పవర్‌ని "శక్తి" అని రాసి, ఎనర్జీని కూడా "శక్తి" అనే రాస్తాం.

అలాగని షాపులో పెద్దాయన్ని "సామర్థ్యం" అనమనడం నవ్వులాట. పవర్ ఎప్పుడో తెలుగు మాటైపోయింది, ఉండనీయండి. నేను కోరేది చిన్నది: అంకె వెంట ప్రమాణం కూడా పలకాలి. 5 హెచ్‌పీ మోటారు అనే రైతు ఆ పని ఎప్పట్నుంచో చేస్తూనే ఉన్నాడు. పొలం దగ్గర ఎవరూ "5 పవర్ మోటారు" అనరు. ఆ షాపు కుర్రాడు కూడా షీటు చేతిలో పెడుతూ "తాతా, ఇది 650 మిల్లీగ్రాములు, రోజుకి ఆరు దాటకూడదు" అంటే ఐదు సెకన్లు పట్టేది. వెనక క్యూలో ఉన్న మేమెవరం విసుక్కునేవాళ్ళం కాదు.