పంపేవాడి నామ్ ఏది?

మా ఉర్దూ మీడియం స్కూల్లో ఖత్ రాయడం నేర్పిన ఉస్తాద్ ముందు కాగితం పై మూల చూసేవారు. అక్కడ పంపేవాడి పతా, తారీఖ్ లేకపోతే లోపల ఎంత ఖూబ్‌సూరత్‌గా రాసినా వాపస్ ఇచ్చేసేవారు. "నువ్వెవరో చెప్పకుండా ఇంకొకరి దర్వాజా కొడతావా?" అనేవారు. ఆ సబఖ్ నలభై దాటాక ఒక సర్వర్ ముందు కూర్చున్నప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

స్కాలర్‌షిప్‌ల ఆఖరి తారీఖులు పిల్లలకు ఈమెయిల్ చేసే చిన్న స్క్రిప్ట్ ఒకటి నేనూ ఓ దోస్తూ కలిసి పెట్టాం. అది రోజూ "పంపాను" అనేది. మేం బేఫికర్‌గా ఉన్నాం. ఒక రోజు ఓ అమ్మాయి వాళ్ల అబ్బా ఫోన్ చేశారు. "ఖబర్ ఏమీ రాలేదు భాయ్‌సాబ్, తారీఖ్ అయిపోయింది." "స్పామ్‌లో చూశారా?" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ శరమ్ వేస్తుంది.

గల్తీ మాది. మెయిల్ లాగ్ తెరిస్తే పూర్తి పేరు చెప్పమంటూ 504 జవాబులు వరసగా ఉన్నాయి. మెయిల్ ఇచ్చిపుచ్చుకునే సర్వర్ల మధ్య కూడా ముందు సలాం ఉంటుంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన నియమాల్లోనే ఉంది: 'హెలో' అని, వెంటనే తన పేరు చెప్పాలి. మా సర్వర్ చెప్పిన పేరు 'లోకల్‌హోస్ట్'. "ఎవరు?" అంటే "నేనే" అన్నట్టు. ప్రతి మెషీనూ తనకు తాను లోకల్‌హోస్టే కదా! తిరిగొచ్చిన ఖత్‌లు కూడా ఆ పేరు మీదే, ఎవరూ తెరవని డబ్బాలో పడ్డాయి.

ఇలాజ్ పెద్దదేం కాదు. సర్వర్‌కు డొమైన్‌తో సహా పూర్తి హోస్ట్‌నేమ్ పెట్టాం. పోస్ట్‌ఫిక్స్‌లోనూ అదే పేరు రాశాం. డీఎన్‌ఎస్‌లో ఆ పేరు మా ఐపీని చూపాలి, ఆ ఐపీకి ఉండే పీటీఆర్ రికార్డు తిరిగి ఆ పేరునే చూపాలి. పీటీఆర్ మాత్రం సర్వర్ కిరాయికిచ్చిన వాళ్ల దగ్గర పెట్టించుకోవాలి. పేరు చెప్పుకోవడం ఒకటి, దానికి గవాహీ ఉండటం ఇంకొకటి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ కూడా ఈ గవాహీ అడుగుతోంది; దాంతోపాటు ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలంటోంది.

"గరీబు పిల్లల కోసం పెట్టిన సైటుకు ఇన్ని షర్తులా?" అన్నాడు దోస్తు. నా రాయ్ ఉల్టా. గరీబుల కోసం పెట్టినదానికే ఎహతియాత్ ఎక్కువ కావాలి. దుకాణం వాళ్ల ఆఫర్ మెయిల్ అందకపోతే ఎవరికీ నష్టం లేదు. మన పిల్లలకు తారీఖ్ తప్పితే ఒక సాల్ పోతుంది. ఆ అమ్మాయికి పోయింది.

"పంపాను" అన్నది స్క్రిప్ట్ మాట. "అందింది" అని అవతలివాళ్లు అనేదాకా ఆ అమానత్ మన భుజం మీదే ఉంటుంది. మీ సంస్థ సర్వర్ తన నామ్ ఏమని చెబుతోందో ఈ రోజే చూడండి.