పాటలో విన్న మాటను కాగితం మీద చూడండి

"ఇంగ్లీషు మాటలు ఎంత చదివినా గుర్తుండవు. పాటలు మాత్రం నాలుగుసార్లు వింటే నోటికి వచ్చేస్తాయి." పెద్ద వయసులో చదువు మొదలుపెట్టినవారు తరచుగా అనే మాట ఇది. మరి పాటల ద్వారానే ఇంగ్లీషు మాటలు నేర్చుకోకూడదా? తప్పక నేర్చుకోవచ్చు. అయితే పాట సగం పని మాత్రమే చేస్తుంది. మిగిలిన సగం మనమే చేయాలి. నా అభిప్రాయం ఇది.

పాట వల్ల మాట గుర్తుంటుందనడంలో సందేహం లేదు. మనం ఎక్కాలను రాగం తీసి వల్లెవేశాము. చదవడం రానివారి నోట కూడా వేమన పద్యాలు నిలిచి ఉన్నాయి. పాట వల్ల ఉచ్చారణ కూడా మెరుగుపడుతుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే మనం 'బస్'ను బస్సు చేసుకున్నాము, 'రోడ్'ను రోడ్డు చేసుకున్నాము. ఇంగ్లీషు పాటతో గొంతు కలిపితే చివరి 'ఉ' లేకుండా పలకడం అలవాటవుతుంది.

ఇంగ్లీషు పిల్లలు అక్షరాలను కూడా పాటగానే నేర్చుకుంటారు. 'ట్వింకిల్ ట్వింకిల్' బాణీలో సాగే ఎ బి సి డి పాట 1835లో అమెరికాలోని బోస్టన్‌లో అచ్చయింది. అందులో ఎల్, ఎమ్, ఎన్, ఓ, పి అనే అక్షరాలు గబగబా దొర్లిపోతాయి. ఆ అయిదింటినీ కలిపి ఒకే మాట అనుకునే పిల్లలు ఎందరో ఉంటారు. అచ్చులో విడివిడిగా చూసినప్పుడే వారికి సంగతి తెలుస్తుంది.

పెద్దలకు కూడా ఇదే చిక్కు వస్తుంది. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడి కర్మాగారంలో 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. ఆ ఊళ్ళో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ మాట్లాడతారు. కర్మాగారంలో మాత్రం షిఫ్టు, ఫర్నేసు, క్రేను వంటి ఇంగ్లీషు మాటలతోనే పని నడుస్తుంది. ఆ ఊరికి పేరు తెచ్చినదే 'స్టీల్', అంటే ఉక్కు. ప్రేమపాటల్లో హృదయాన్ని దొంగిలించడమనే భావం వస్తుంది. అక్కడ వినిపించేది కూడా 'స్టీల్' అనే మాటే! చెవికి రెండూ ఒకటే. రాసి చూస్తే ఉక్కుకు ఎస్, టి, ఇ, ఇ, ఎల్. దొంగతనానికి ఎస్, టి, ఇ, ఎ, ఎల్.

ఇలాంటివే మరికొన్ని చూడండి. పాటలో ప్రియురాలి కోసం 'వెయిట్' చేస్తారు. క్రేను ఎత్తేది మరో 'వెయిట్', అంటే బరువు. పాటలో మనసు 'బ్రేక్' అవుతుంది. బండిని ఆపేది మరో 'బ్రేక్'. పలకడంలో తేడా లేదు, రాయడంలో ఉంది. ఇక 'ఫాల్' సంగతి. పాటలో అది ప్రేమలో పడటం. పనిచేసే చోట హెచ్చరిక బోర్డు మీద అదే మాట కనిపిస్తే, పడే ప్రమాదం ఉంది, జాగ్రత్త అని అర్థం. ఆ బోర్డును చదవగలగడం పరీక్షలో మార్కుల కంటే ముఖ్యం.

పాటలతో భాష పాడవుతుందని కొందరు ఉపాధ్యాయులు అంటారు. వారి మాటలో కొంత నిజం ఉంది. పాటలో 'వాంట్ టు' అనేది 'వాన్నా' అవుతుంది, 'గోయింగ్ టు' అనేది 'గొన్నా' అవుతుంది. ప్రాస కోసం పదాల వరుస మారుతుంది. ఉద్యోగానికి రాసే దరఖాస్తులో అలా రాస్తే చెల్లదు. అంతమాత్రాన పాటనే మానుకోనక్కరలేదు. పాటలోని భాష ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలిస్తే చాలు.

కనుక ఒక పద్ధతి సూచిస్తాను. వారానికి ఒక పాట ఎన్నుకోండి. అందులో అయిదు మాటలు చాలు. ముందు విని, మీకు తోచినట్లు రాయండి. తరువాత పాట సాహిత్యం చూసి సరిదిద్దుకోండి. ఇప్పుడు ఫోనులోనే సాహిత్యం దొరుకుతుంది. అందులోనూ తప్పులుంటాయి కాబట్టి నిఘంటువు చూడటం మరవకండి. చివరగా ప్రతి మాటతో మీ ఇంటి గురించో, పని గురించో ఒక వాక్యం సొంతంగా రాయండి. ఆ వాక్యం రాసిన రోజునే ఆ మాట మీదవుతుంది.

"ఈ వయసులో పాటలేమిటి?" అని ఎవరైనా నవ్వవచ్చు. నవ్వనివ్వండి. పాట వినడానికి లేని వయోపరిమితి, పాటతో నేర్చుకోవడానికి ఎందుకుండాలి?

ఆలోచించండి

1. మీకు వచ్చిన సినిమా పాటల్లో వినిపించే ఇంగ్లీషు మాటలు అయిదు రాయండి. వాటిలో ఎన్నింటికి స్పెల్లింగు చూడకుండా రాయగలరు?

2. పాటల ద్వారా భాష నేర్చుకోవడంపై రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు అయిదారు వాక్యాలలో రాయండి.