డ్రాయింగ్ యాప్ కోడ్ బయటపెడితే సరిపోతుందా? భిలాయి చెప్పే పాఠం

ఓపెన్ సోర్స్ మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది "ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్" అని మొదలుపెడతాం. అక్కడే పొరపాటు. అసలు తేడా ధరలో లేదు. తయారైన వస్తువు ఇవ్వడం వేరు, దాన్ని తయారుచేసే తీరు ఇవ్వడం వేరు.

భిలాయి ఉక్కు కర్మాగారాన్ని చూడండి. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కేవలం ఉక్కే కావాలంటే దిగుమతి చేసుకుంటే సరిపోయేది. కానీ మన ఇంజనీర్లు సోవియట్ నిపుణుల పక్కన నిలబడి పని నేర్చుకున్నారు, కొందరు ఆ దేశానికే వెళ్లి శిక్షణ పొందారు. ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 25 లక్షలకు, ఆపై 40 లక్షలకు ఎదిగింది. నేర్చుకున్న మనుషులు లేకపోతే ఆ డ్రాయింగులు బీరువాలోనే ఉండిపోయేవి.

ఇప్పుడు అదే భిలాయిలో ఒక విద్యార్థి పిల్లలు బొమ్మలు గీసుకునే మొబైల్ యాప్ తయారుచేశాడనుకుందాం. దాని కోడ్ అందరికీ ఇవ్వాలా? ఇవ్వాలనే నా అభిప్రాయం. ఇస్తే, ఒకరు తెలుగు మెనూ చేరుస్తారు, ఇంకొకరు ఛత్తీస్‌గఢీ చేరుస్తారు, మరొకరు పాత ఫోన్లలోనూ నడిచేలా మారుస్తారు. రేపు అతను ఉద్యోగంలో చేరి తీరిక లేకుండా పోయినా యాప్ ఆగిపోనక్కర్లేదు.

అయితే కోడ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికే వస్తుంది. లైసెన్సు ఇవ్వకపోతే హక్కులన్నీ రచయితవే, ఇతరులు చూడగలరు గానీ మార్చి పంచుకోలేరు. జీపీఎల్ లైసెన్సయితే, మార్చిన యాప్‌ను పంచేవారు తమ కోడ్‌నూ అదే షరతులతో ఇవ్వాలి. ఎంఐటీ లైసెన్సులో ఆ షరతు లేదు.

"కష్టపడి రాసింది ఊరికే ఇచ్చేస్తే బతికేదెలా?" అన్నది న్యాయమైన ప్రశ్నే. బొమ్మలు గీసే క్రిటా సాఫ్ట్‌వేర్‌ను గమనించండి. జీపీఎల్ కింద ఉన్న దాని కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. 2020లో ఆండ్రాయిడ్‌కూ వచ్చింది. అయినా స్టీమ్ వంటి దుకాణాల్లో అది డబ్బుకే అమ్ముడవుతోంది, విరాళాలూ వస్తున్నాయి. అయితే ప్రతి చిన్న యాప్‌కూ ఇలా ఆదాయం వస్తుందని మాత్రం రాయకండి.

ప్రభుత్వ కోణం కూడా కలపండి. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లో విధానం తెచ్చింది. 2020 మే 26న ఆరోగ్య సేతు కోడ్‌ను విడుదల చేసింది, ముందుగా ఆండ్రాయిడ్ వెర్షన్ మాత్రమే. యాప్ అప్పటికే కోట్ల ఫోన్లలో ఉంది. కోడ్ ముందే బయటికి వచ్చి ఉంటే, గోప్యతపై వచ్చిన అనుమానాలను నిపుణులు తొలి రోజు నుంచే పరీక్షించగలిగేవారు.

కాబట్టి ఎవరైనా "మా యాప్ ఓపెన్ సోర్స్" అంటే మూడు ప్రశ్నలు వేయండి. లైసెన్సు ఏది? కోడ్ మొత్తం ఇచ్చారా, కొంతేనా? కొత్తవాళ్లకు నేర్పి, వాళ్లు పంపిన మార్పులను చూసేదెవరు? మొదటి రెండింటికీ జవాబు కాగితం మీద దొరుకుతుంది. మూడోదానికి మనుషులు కావాలి, మన జవాబుల్లో తరచుగా వదిలేసేదీ అదే.