మార్కులు తగ్గితే చదువు మాన్పించాలా?

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో కొన్నిచోట్ల ఒక మాట వినిపిస్తుంది: "ఈ మార్కులకు కాలేజీ ఎందుకు?" ఆ ఒక్క మాటతో అబ్బాయి మెకానిక్ షెడ్డుకు, అమ్మాయి పెళ్ళిచూపులకు చేరుతున్నారు. ఇది పిల్లలకు చేస్తున్న అన్యాయమని మేము భావిస్తున్నాం.

వానలు ఆలస్యమై వేరుశనగకు అదను దాటిపోతే అనంతపురం రైతు చేనును బీడు పెట్టడు, ఉలవలు చల్లుతాడు. చదువుకూ అలాంటి దారులున్నాయి. తప్పిన సబ్జెక్టుకు అదే ఏడాది సప్లిమెంటరీ పరీక్ష ఉంది. పాలీసెట్ రాసి డిప్లొమా పూర్తిచేసినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. 2007 చట్టం కల్పించిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్‌కు అర్హులైనవారు ధ్రువపత్రం ముందే తీసుకోవాలి.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను సోదరులే బావిలో పడవేశారు. ఆయన చెరసాలలో ఏళ్ళు గడిపారు. చివరకు ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యత ఆయన చేతికే వచ్చింది. బావి దగ్గరే ఆయన భవిష్యత్తు ముగిసిందని ఎవరైనా తీర్పు చెప్పి ఉంటే అది ఎంత పొరపాటు!

తల్లిదండ్రులారా! ఈరోజు జుమా నమాజు తర్వాత బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకోండి. మార్కుల లెక్క పక్కనపెట్టి, మనసులోని భయమేమిటో అడగండి. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందడం విశ్వాసికి తగదు. బిడ్డను నిరాశపరచడమూ తగదు.