హోమోసిస్టీన్ తగ్గింది, గుండె ముప్పు తగ్గలేదు

కిడ్నీ మార్పిడి విజయవంతమై, కొత్త కిడ్నీ చక్కగా పనిచేస్తున్నవారిని సైతం బలితీసుకునే జబ్బుల్లో గుండెజబ్బు ముందువరసలో ఉంటుంది. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నప్పుడు రక్తనాళాల గోడల్లో పేరుకున్న కాల్షియం ఆపరేషన్‌తో కరిగిపోదు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా జీవితాంతం మింగే మాత్రలు కొంత భారం కలుపుతాయి. ప్రెడ్నిసొలోన్, టాక్రోలిమస్ షుగర్‌ను పెంచుతాయి. సైక్లోస్పోరిన్ బీపీని, కొలెస్ట్రాల్‌ను ఎగదోస్తుంది. అందుకే ఈ రోగుల గుండెను కాపాడే చవకైన దారి ఏదైనా ఉందంటే వైద్యలోకం ఆశగా చూసింది. బి విటమిన్లు అలాంటి ఆశే.

దానికి పునాది 1969లో పడింది. అమెరికా పాథాలజిస్టు కిల్మర్ మెక్‌కల్లీ పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలతో చనిపోయిన ఇద్దరు పిల్లల రక్తనాళాలను పరీక్షించారు. ఒకరు రెండు నెలల పసికందు, మరొకరు ఎనిమిదేళ్ల బాలుడు. ఇద్దరి ధమనులూ వృద్ధుల్లో మాదిరిగా గట్టిపడి ఉన్నాయి. ఇద్దరి లోపాలు వేరైనా ఒంట్లో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం మితిమీరడం మాత్రం ఒక్కటే. ఈ పదార్థాన్ని శరీరం వదిలించుకోవడానికి ఫోలిక్ ఆమ్లం, బి6, బి12 కావాలి. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో ఇది పెరుగుతుంది, మార్పిడి తర్వాత కూడా చాలామందిలో పూర్తిగా దిగిరాదు. అలాంటప్పుడు విటమిన్లు ఇచ్చి దాన్ని తగ్గిస్తే గుండె నిలుస్తుందన్న ఊహ సహజమే. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తహీనతతో అల్లాడే లక్షల మందికి ఆ మాత్ర ప్రాణం పోసింది. గుండె విషయంలో మాత్రం అదే ఫలితాన్ని ఆశించడం తొందరపాటైంది.

ఆ సంగతి తేల్చింది ఫేవరిట్ అనే పరిశోధన. అమెరికా, కెనడా, బ్రెజిల్‌లలో హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్న 4,110 మంది కిడ్నీ మార్పిడి రోగులను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు రోజూ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం, 50 మిల్లీగ్రాముల బి6, 1 మిల్లీగ్రాము బి12 ఇచ్చారు. రెండో జట్టు మాత్రలో ఫోలిక్ ఆమ్లం లేదు, బి6, బి12 నామమాత్రమే. సగటున నాలుగేళ్లు గమనించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. మొదటి జట్టులో హోమోసిస్టీన్ బాగా తగ్గింది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు మాత్రం రెండు జట్లలోనూ దాదాపు సమానం. మరణాల మొత్తంలోనూ, తిరిగి డయాలసిస్‌కు వెళ్లినవారిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హోమోసిస్టీన్ రక్తనాళాల్ని పాడుచేసే నేరస్థుడు కాదని, కిడ్నీ బలహీనతను చెప్పే ఆనవాలు మాత్రమేనని అనుకోవడానికి ఇది బలమైన కారణం.

అయినా విటమినే కదా, వేసుకుంటే పోయేదేముంది అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. ఈ ధీమా నన్ను కలవరపెడుతుంది. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవారిపై కెనడాలో జరిగిన డివైన్ పరిశోధన 2010లో వెలువడింది. పెద్ద మోతాదు బి విటమిన్లు తీసుకున్నవారిలో కిడ్నీ పనితీరు మరింత వేగంగా క్షీణించింది, గుండెపోటు, పక్షవాతం వంటివి ఎక్కువయ్యాయి. అది చిన్న పరిశోధనే, మార్పిడి రోగులపై చేసిందీ కాదు. కానీ మార్పిడి అయినవారిలో షుగర్ రోగులు చాలామంది. అది తెలిసీ డాక్టరు చెప్పకుండా పెద్ద మోతాదు మాత్రలు కొనుక్కోవడం ప్రమాదంతో చెలగాటమే.

ఇంతమాత్రాన బి12ను అటకెక్కించమని కాదు. అమెరికా, కెనడాల్లో 1998 నుంచే పిండిలో ఫోలిక్ ఆమ్లం కలుపుతున్నారు. కాబట్టి ఫేవరిట్ పరీక్షించింది లోటు తీర్చే మోతాదును కాదు, లోటు పెద్దగా లేనివారికి అదనంగా ఇచ్చినదాన్ని. మన దగ్గర మాంసం, గుడ్లు ముట్టనివారిలో బి12 లోపం మామూలే. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు వాడే పాంటొప్రజోల్ ఏళ్ల తరబడి కొనసాగితే ఆ లోపం ముదురుతుంది. మార్పిడి రోగుల మందుల డబ్బాలో ఈ రెండూ తరచూ కనిపిస్తాయి. కాళ్లలో తిమ్మిర్లు, మంటలు అని రోగి చెప్పగానే షుగర్ వల్లేనని తీసిపారేయకుండా బి12 పరీక్ష రాయించాలి. అది చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత సర్దుకుని, నరాల దెబ్బ మాత్రం లోలోపల సాగిపోతుంది. లోపం తేలితే దానికి తగ్గ మోతాదు చాలు. గుండె కోసం ఖర్చుపెట్టాల్సింది బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపు మీద, పొగాకు మాన్పించడం మీద, టాక్రోలిమస్ పూట తప్పకుండా చూసుకోవడం మీద.