ఏ నదికి వెళదాం?

మా తరిగొప్పుల వైపు చెరువులే గాని పారే పెద్దనది లేదు. అందుకే కాబోలు, మా కుర్రవాళ్లకు రబ్బరు తెప్ప మీద నురుగుల్లో పోవాలని ఒకటే ఉబలాటం. "గోదావరి ఉంది కదా మాస్టారూ!" అంటారు.

ఉంది. కాని పాపికొండల నడుమ అది రాళ్ల మీద గెంతే ఏరు కాదు. ఇరుకులో పడి లోతుకు దిగిన మహానది. 2019 సెప్టెంబరు 15న వరదలో, కచ్చులూరు దగ్గర పర్యాటకుల పెద్ద పడవే మునిగింది. ఎన్నో కుటుంబాలు కడుపుకోతకు గురయ్యాయి.

తెప్పకు నదిని పేరు చూసి కాదు, నెల చూసి ఎంచుకోవాలి. హృషీకేశంలో గంగ మీద జూలై, ఆగస్టుల్లో తెప్పలు కట్టేస్తారు. మహారాష్ట్రలో కుండలిక మీద ఎగువనుంచి నీరు వదిలిన వేళకే కదుపుతారు. నీటి ఉరవడికి 1 నుంచి 6 దాకా తరగతులున్నాయి. 6 అంటే ప్రాణాలతో చెలగాటమే. కొత్తవారికి 2, 3 చాలు.

డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగండి: "నీరు పెరిగితే ప్రయాణం మానేస్తారా?" మానేస్తానన్న సరంగునే నమ్మండి. "ఏం ఫరవాలేదు" అన్నవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి.